సైగలు చదవడం తప్పు కాదంటే మిషిగన్‌కు అంత శిక్ష ఎందుకు?

మీరు అడిగినవి మూడు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఎదుటి జట్టు సైగల్ని చదివేయడం నిబంధనలకు విరుద్ధం కాదంటారు కదా, మరి మిషిగన్ యూనివర్సిటీకి అంత పెద్ద జరిమానా ఎందుకు వేశారు? ఆ సైగల్ని అసలు ఎలా పట్టుకుంటారు? 2023 సీజన్‌లో వాళ్లు గెలిచిన జాతీయ టైటిల్ న్యాయమైనదేనా? మీ అబ్బాయి ఆ యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్‌లో చేరిన దగ్గర్నుంచి శనివారం మ్యాచ్‌లు చూస్తున్నారనీ, ఆట ఇంకా పూర్తిగా అర్థం కాలేదనీ కూడా రాశారు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నేనుండేది మిషిగన్ రాష్ట్రంలోనే. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. మావాడు ఆడిన రోజుల నుంచి ఇక్కడి ఒక హైస్కూల్ జట్టుకు ఫిల్మ్ పని చూస్తున్నాను. ఎదుటి జట్టు ఆడిన ప్రతి ప్లేనీ (బంతి కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా ఒక ప్లే) చూసి, ఏ పరిస్థితిలో ఏం ఆడారో షీట్‌లో ఎక్కించి కోచ్‌లకు ఇస్తాను. సైగలు చదవడం ఆ పనిలో భాగమే.

ముందు మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు. మ్యాచ్ జరుగుతుండగా అవతలి గట్టున, అంటే మైదానం అంచున, ఉన్న కోచ్ చేతుల్ని మీ కళ్లతో చూసి అర్థం చేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. అదే కోచ్ వేరే జట్టుతో ఆడుతున్నప్పుడు మీ మనిషి టికెట్ కొనుక్కుని అక్కడికి వెళ్లి చూసి వస్తే తప్పు. ఆ సైగల్ని వీడియో తీస్తే ఇంకో తప్పు. మిషిగన్ తరఫున ఈ రెండూ జరిగాయి, అదీ మూడు సీజన్ల పాటు.

ఇక సైగల సంగతి. ఫుట్‌బాల్ ఆగి ఆగి సాగే ఆట. ఒక ప్లే ముగిశాక మామూలుగా 40 సెకన్లలో తర్వాతిది మొదలవ్వాలి. ఆ కాస్త సమయంలో కోచ్ ఏం ఆడాలో తేల్చుకుని, మైదానంలో ఉన్న 11 మందికీ తెలియజేయాలి. ఆన్ ఆర్బర్ స్టేడియంలో కూర్చునే చోటే 1,07,601 మందికి. ఆ గోలలో అరిస్తే పక్కనున్నవాడికే వినపడదు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1994 నుంచే క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) హెల్మెట్‌లో రేడియో ఉంది. కాలేజీల్లో 2024 దాకా లేదు. పైగా కాలేజీ జట్లు చాలావరకు ఆటగాళ్లను గుంపుగా చేర్చి మాట్లాడుకునే పద్ధతి మానేసి, వరసపెట్టి వేగంగా ఆడడానికి అలవాటు పడ్డాయి. కాబట్టి అందరూ గట్టువైపు చూస్తారు, గట్టు మీదవాళ్లు చేతులు ఊపుతారు.

ఒక్క ప్లే కాల్‌లోనే చాలా ముక్కలుంటాయి. ఎవరెక్కడ నిలబడాలి, బంతి కదిలేలోపు ఎవరు చోటు మారాలి, లైన్‌లో ఉన్నవాళ్లు ఎవర్ని అడ్డుకోవాలి, పరుగా పాసా, ఎటువైపు. ఒక్కో ముక్కకు ఒక్కో సైగ. వీటన్నిటినీ ఎదుటివాళ్లు కూడా చూస్తారని తెలుసు కాబట్టి ముగ్గురు నిలబడి ఒకేసారి సైగలు చేస్తారు. వారిలో ఒకరిదే నిజం. అతన్ని లైవ్ అంటారు, మిగతావాళ్లు డమ్మీలు. ఎప్పుడు ఎవరు లైవ్ అన్నది జట్టుకు ముందే చెప్పి ఉంచుతారు. కొందరు వెనక దుప్పటిలాంటి గుడ్డ పట్టుకుని నిలబడతారు, ఎత్తులో కూర్చున్నవాళ్లకు కనపడకుండా. 2010 ప్రాంతంలో చిప్ కెల్లీ కోచ్‌గా ఉన్న ఆరెగన్ జట్టు పెద్ద పెద్ద బొమ్మల బోర్డులు ఎత్తి చూపించేది. నాలుగు గళ్లలో నాలుగు సంబంధం లేని బొమ్మలు. ఏ గడి లెక్కలోకి వస్తుందో ఆ జట్టుకే తెలుసు. తర్వాత చాలామంది ఆ బోర్డుల్ని అందిపుచ్చుకున్నారు.

ఇంత హడావుడి చేసే బదులు ప్రతి వారం సైగలు మార్చేస్తే పోదా అని మీకు అనిపించవచ్చు. మార్చలేరు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. వీళ్లు 18 నుంచి 22 ఏళ్ల పిల్లలు. క్లాసులుంటాయి, పరీక్షలుంటాయి. సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి వాళ్లచేత ఆట పని చేయించకూడదని కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన. ఆ 20 గంటల్లోనే ప్రాక్టీసు, ఫిల్మ్, ఎదుటి జట్టు గురించి పాఠం అన్నీ అయిపోవాలి. అందుకే కోచ్‌లు పిల్లలకు సులువుగా గుర్తుండే సైగలే ఎంచుకుంటారు. ప్లే పేరులో డేగ ఉంటే రెక్కలు ఆడించినట్టు చేస్తారు. చక్రం ఉంటే స్టీరింగ్ తిప్పినట్టు చేస్తారు. పిల్లాడికి ఎంత తేలిగ్గా గుర్తుంటుందో, చూసేవాడికీ అంతే తేలిగ్గా దొరుకుతుంది. కష్టమైన సైగ పెడితే దొంగ దొరకబుచ్చుకోలేడు, కానీ మన పిల్లాడే పొరబడి తప్పు వైపు పరిగెడతాడు. తన ప్లేని ఎదుటివాడు పట్టేయడం కంటే తనవాడే మరిచిపోవడం కోచ్‌కి ఎక్కువ భయం. నేను చూసిన ప్రతి కోచ్‌దీ ఇదే టెన్షన్.

పట్టుకునే పద్ధతి మా స్థాయిలో ఎలా ఉంటుందో చెబుతాను. హైస్కూల్లో ఎదుటి జట్టు మ్యాచ్‌కి మనిషి వెళ్లి కూర్చోవడం మామూలే, అందరూ చేస్తారు. నా షీట్‌లో గళ్లుంటాయి: ఎన్నో డౌన్ (పది గజాలు సాధించడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఎన్ని గజాలు కావాలి, బంతి మైదానంలో ఏ పక్కనుంది, ఎలా నిలబడ్డారు, సైగ చేసినవాళ్లలో ఎవరెవరు ఏం చేశారు, చివరికి ఏం ఆడారు. ఒక మ్యాచ్‌లో అవతలి గట్టున నీలం టోపీ కోచ్ ఎడమ మోచేతిని రెండుసార్లు తట్టి, గాలిలో తాళం తిప్పినట్టు చేశాడు. పక్కన బోడిగుండాయన ఏదో తొడ చరుచుకున్నాడు. క్వార్టర్‌బ్యాక్ దూరంగా విసిరేవాడిలా వెనక్కి వెనక్కి వెళ్లి, మీదకు వచ్చేవాళ్లను రానిచ్చి, వాళ్ల తల మీదుగా రన్నింగ్ బ్యాక్‌కి (బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి) చిన్న పాస్ వేశాడు. దాన్ని స్క్రీన్ అంటారు. కాసేపటికి మళ్లీ మోచేయి, మళ్లీ తాళం, మళ్లీ స్క్రీన్. ఈసారి బోడిగుండాయన తొడ చరచలేదు, చెవి పట్టుకున్నాడు. అంటే ఆయన డమ్మీ, టోపీ ఆయన లైవ్. మూడోసారి మోచేతి మీద చెయ్యి పడగానే పక్కన మా కోచ్‌కి చూపించాను. అక్షరాలా అదే ఆడారు. రెండు వారాల తర్వాత వాళ్లు మాతో ఆడినప్పుడు మా డిఫెన్స్‌లోని లైన్‌బ్యాకర్ ఆ తాళం కోసమే కాచుకుని ఉన్నాడు.

ఇందులో గమనించాల్సింది, సైగ ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. సైగ పక్కన ప్లే కూడా పడాలి. ఆ జత రెండు మూడు సార్లు కుదరాలి. కాలేజీ మ్యాచ్‌లో ఒక జట్టు 60, 70 ప్లేలు ఆడుతుంది. వాటిలో ఒకే సైగ తిరిగి వచ్చేది బహు కొద్దిసార్లు. మ్యాచ్ రోజున మొదటిసారి చూడడం మొదలుపెట్టినవాడికి ఏదో కాస్త అంతుపట్టేసరికి సగం ఆట అయిపోతుంది. హాఫ్‌టైమ్‌లో అవతలివాళ్లు లైవ్‌ని మార్చేస్తే పట్టుకున్నది కూడా పోతుంది. ఈ సమయం చాలకపోవడమే ఇన్నేళ్లుగా ఆటను కాపాడుతూ వచ్చింది. అందరూ చూడొచ్చు, ఎవరూ పూర్తిగా చూడలేరు. మిషిగన్ వ్యవహారంలో జరిగిన అన్యాయం ఇదీ అని నేననుకుంటాను: మిగతావాళ్లకు దొరకని ఆ సమయాన్ని వాళ్లు ముందే కూడబెట్టుకున్నారు.

టీవీలో అన్నీ వస్తాయి కదా, దాన్నే చూసి పట్టుకోవచ్చు కదా అంటారు. టీవీ కెమెరా గట్టువైపు అప్పుడప్పుడూ తిరుగుతుంది, అది కూడా హెడ్ కోచ్ ముఖం మీదకు. జట్లు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకునే కోచింగ్ ఫిల్మ్ ఉంటుంది. ఎత్తు నుంచి మైదానంలోని 22 మందీ కనపడేలా తీస్తారు. కానీ బంతి కదలడానికి కొంచెం ముందు మొదలై ప్లే అవగానే తెగుతుంది. ఆటగాళ్లంతా ఉంటారు, సైగలు చేసేవాళ్లు మాత్రం ఉండరు. టీవీలో దొరికిన తునకల్ని ఏరి జతచేయడం నిబంధనల లోపలి పనే. చాలా జట్లలో దానికోసమే కుర్రాళ్లుంటారు. కానీ మ్యాచ్ మొదటి నిమిషం నుంచి చివరిదాకా ఆ ముగ్గురి చేతుల మీదే నిలిపిన వీడియో ఏ ఫిల్మ్‌లోనూ దొరకదు. అది కావాలంటే ఎదురు స్టాండ్‌లో, మైదానం మధ్య గీతకు దగ్గర్లో, ఒక మనిషి ఫోను పట్టుకుని కూర్చోవాలి.

కానర్ స్టాలియన్స్ చేసినది అదే. నేవల్ అకాడమీలో చదివి, మెరైన్స్‌లో కెప్టెన్‌గా పనిచేసి, చిన్నప్పటినుంచీ మిషిగన్ జట్టంటే ప్రాణం పెట్టే మనిషి. జట్టులో చిన్న ఉద్యోగి. ఏడాదికి 55 వేల డాలర్ల జీతం అని పత్రికల్లో వచ్చింది. మిషిగన్ ముందు ముందు ఆడబోయే జట్ల మ్యాచ్‌లకు టికెట్లు కొని, తెలిసినవాళ్లకు ఫోన్లో పంపేవాడు. వాళ్లు వెళ్లి గట్టును వీడియో తీసేవారు. 2025 ఆగస్టు 15న వెలువడిన ఎన్‌సీఏఏ తీర్పు ప్రకారం 2021, 2022, 2023 సీజన్లలో కనీసం 52 మ్యాచ్‌లలో, రాబోయే 13 ప్రత్యర్థి జట్ల మీద, మొత్తం 56 సార్లు ఇలా జరిగింది. ఆ గుంపు తమను తాము కేజీబీ అని పిలుచుకునేదనీ, తెచ్చిన వీడియోలకు డర్టీ ఫిల్మ్ అని పేరు పెట్టుకుందనీ తీర్పులోనే ఉంది. ఆ పేరు చాలు, చేస్తున్నది తప్పని వాళ్లకు తెలుసనడానికి.

టికెట్లు తన పేరు మీదే కొన్నాడు కాబట్టి జాడ దొరికిపోయింది. 2023 అక్టోబర్‌లో విషయం బయటపడగానే మిగతా యూనివర్సిటీలు తమ టికెట్ రికార్డులు తిరగేశాయి. ఒక స్టేడియంలో అయితే అతను కొన్న సీటులో కూర్చున్న మనిషి ఫోను ఎత్తి గట్టువైపు పట్టుకున్న దృశ్యం నిఘా కెమెరాలో ఉందని వార్త వచ్చింది. 2023 సెప్టెంబర్ 1న సెంట్రల్ మిషిగన్ జట్టు మిషిగన్ స్టేట్‌తో ఆడుతుంటే, ఆ సెంట్రల్ మిషిగన్ కోచ్‌ల దుస్తుల్లో, నల్లకళ్లద్దాలతో గట్టు మీదే ఉన్నాడు. మిషిగన్ స్టేట్ ఆ సీజన్‌లోనే మిషిగన్ ఆడాల్సిన జట్టు. నవంబర్ 3న ఉద్యోగానికి రాజీనామా చేశాడు. విచారణ మొదలయ్యాక తన ఫోనును చెరువులో పడేశాడని కూడా తీర్పు చెబుతోంది.

ఇక్కడ నిబంధన ఎందుకు పుట్టిందో తెలిస్తే శిక్ష అర్థమవుతుంది. రాబోయే ప్రత్యర్థి మ్యాచ్‌కు మనిషి వెళ్లి చూడకూడదన్న నిబంధన 1994 నాటిది. అసలు ఉద్దేశం సైగల్ని దాచడం కాదు, ఖర్చు. డబ్బున్న యూనివర్సిటీ దేశమంతా మనుషుల్ని పంపగలదు, లేనిది పంపలేదు. అందరూ ఫిల్మ్ ఇచ్చిపుచ్చుకోండి, మనుషుల్ని పంపకండి అని తేల్చారు. సైగల్ని ఆడియోగా గానీ వీడియోగా గానీ రికార్డు చేయకూడదన్నది ఆట నియమాల పుస్తకంలో విడిగా ఉంది. రెండూ కలిస్తే మిగిలేది ఒక్కటే: ఆ రోజు, ఆ మైదానంలో, నీ కళ్లు.

పేకాట ఆడేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. రమ్మీలో ఎదుటివాడు ఏ ముక్క ఎత్తాడో, ఏది పారేశాడో గుర్తుపెట్టుకోవడం ఆట. వాడి వెనక మన మనిషిని నిలబెట్టడం ఆట కాదు.

అందరూ చేస్తారు కదా అన్న వాదనకు వస్తాను. మిషిగన్ అభిమానులు ఎక్కువగా చెప్పేది ఇదే, ఇందులో కొంత నిజం ఉంది. క్లెమ్‌సన్ యూనివర్సిటీ జట్టులో డిఫెన్స్ చూసిన బ్రెంట్ వెనబుల్స్‌కు ఎదుటి సైగల్ని మ్యాచ్‌లోనే చదివేస్తాడని దేశమంతా పేరు. దాన్ని నేను విద్య అంటాను. ఇంకో రకం కూడా ఉంది. 2022లో మిషిగన్ ఆడే లీగ్ బిగ్ టెన్ ఫైనల్‌కు ముందు ఒహాయో స్టేట్, రట్గర్స్ తమ దగ్గరున్న మిషిగన్ సైగల్ని ఆ ఫైనల్లో ప్రత్యర్థి అయిన పర్డ్యూకి అందించాయని మిషిగన్ కొన్ని పత్రాలు చూపించింది. ఒక కోచ్ తన స్నేహితుడికి చెప్పడాన్ని ఏ నిబంధనా ఆపదు. నిబంధన ఊరుకున్నా నాకది నచ్చదు. మూడు జట్లు కలిసి నాలుగోదాని సైగలు కూర్చుకోవడం క్రీడాస్ఫూర్తి కాదు. అయినా దాన్నీ దీన్నీ ఒక్కగాటన కట్టలేం. స్నేహితుడు చెప్పేది తనతో ఆడిన ఒక్క మ్యాచ్‌లో తన కళ్లకు దొరికింది. మూడు సీజన్లు మనుషుల్ని పంపి వీడియోలు తీయించడం ఒక ఏర్పాటు.

ఇంతకీ దానివల్ల గెలిచారా? ఇక్కడ రెండు వైపులా అతిగా మాట్లాడుతున్నారు.

ప్లే తెలిసినంత మాత్రాన ఆపేయలేరు, అది నిజం. ఎదుటివాడు పరిగెత్తబోతున్నాడని తెలిసినా, మీ లైన్ కన్నా వాడి లైన్ బలమైనదైతే వాడు పరిగెడతాడు. 2023 నవంబర్ 11న పెన్ స్టేట్ మీద మిషిగనే దీన్ని చూపించింది. మ్యాచ్ చివరిదాకా వరసగా 32 రన్ ప్లేలు ఆడింది. వచ్చేది పరుగేనని స్టేడియంలో ప్రతి ఒక్కరికీ తెలుసు, అయినా 24-15తో గెలిచింది. కానీ తెలియడం వల్ల ఒరిగేదేమీ లేదనడం తప్పు. పాస్ వస్తోందని తెలిసిన డిఫెండర్ అర అడుగు ముందుగా కదులుతాడు. ఈ స్థాయిలో అర అడుగు చాలా ఎక్కువ. పాస్ అని ముందే తెలిసిన రషర్ (క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడానికి వెళ్లేవాడు) పరుగు కోసం ఆగి చూడకుండా నేరుగా క్వార్టర్‌బ్యాక్ మీదకు వెళ్తాడు. బంతి విసరడానికి చెయ్యి ఎత్తిన పిల్లాడికి ఆ దెబ్బ ఎటునుంచి వస్తుందో తెలియదు. ఈ గొడవలో పిల్లల ఒంటికి తగిలే దెబ్బల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

సైగ తెలియడం ఎంతవరకు పనిచేస్తుందో, ఎదురు తిరిగితే ఏమవుతుందో 2022 డిసెంబర్ 31న టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ)తో మిషిగన్ ఆడిన సెమీఫైనల్ చూస్తే తెలుస్తుంది. మిషిగన్ దగ్గర తమ సైగలు ఉండొచ్చని టీసీయూకు ముందే చెవిన పడిందట. కొన్ని సైగల్ని మార్చి, కొన్ని పాతవాటిని అలాగే ఉంచి, పాత సైగ చూపించి వేరేది ఆడారని తర్వాత కథనాలు వచ్చాయి. టీసీయూ 51-45తో గెలిచింది. ఆ మ్యాచ్ పోవడానికి ఇదొక్కటే కారణం అనను. మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ వేసిన రెండు పాస్‌లు నేరుగా ప్రత్యర్థికి దొరికి టచ్‌డౌన్లయ్యాయి. కానీ నమ్ముకున్న సమాచారమే అబద్ధమైతే డిఫెన్స్ ఏమీ తెలియనివాడికన్నా ఘోరంగా తప్పటడుగు వేస్తుంది. మా హైస్కూల్ స్థాయిలో కూడా దీన్ని చూశాను: సైగ పట్టాను అన్న ధీమాతో ముందే కదిలిన పిల్లాడి వెనకనుంచే బంతి వెళ్లిపోతుంది.

ఇక 2023 టైటిల్. విషయం బయటపడ్డాక మిషిగన్‌తో ఆడే జట్లన్నీ జాగ్రత్తపడే అవకాశం వచ్చింది. నవంబర్ 10న బిగ్ టెన్ కమిషనర్ టోనీ పెటిటీ క్రీడాస్ఫూర్తి నిబంధన కింద మిషిగన్ హెడ్ కోచ్ జిమ్ హార్బాను మిగిలిన మూడు లీగ్ మ్యాచ్‌లకు దూరం పెట్టాడు. యూనివర్సిటీ కోర్టుకు వెళ్లి, వారం తిరక్కుండానే వెనక్కి తగ్గింది. హార్బా లేకుండా అతని సహాయ కోచ్ షెరోన్ మూర్ ఆధ్వర్యంలో పెన్ స్టేట్‌ని, మేరీలాండ్‌ని, చివరికి 30-24తో ఒహాయో స్టేట్‌ని ఓడించారు. ఆ చివరి మ్యాచ్ తేలింది మిషిగన్ ఆటగాడు రాడ్ మూర్ పట్టిన ఇంటర్‌సెప్షన్‌తో (ఎదుటివాళ్ల పాస్‌ని తానే అందుకోవడం), విసిరేవాడి మీదకు ఒత్తిడి చేరడంతో. తర్వాత హార్బా తిరిగొచ్చాడు, అలబామాను ఓవర్‌టైమ్‌లో 27-20తో, 2024 జనవరి 8న వాషింగ్టన్‌ని 34-13తో గెలిచి 15-0తో సీజన్ ముగించారు. దేశంలో అందరి కళ్లూ తమ మీదున్నప్పుడు గెలిచిన ఈ మ్యాచ్‌ల్ని నేను న్యాయమైన గెలుపులే అంటాను. ఆ పిల్లలు ఆడి గెలిచారు.

2021, 2022 సీజన్ల గురించి అంత ధైర్యంగా చెప్పలేను. ఒహాయో స్టేట్‌ను 42-27తో, 45-23తో ఓడించిన ఆ రెండేళ్లలో టికెట్ల ఏర్పాటు నడుస్తూనే ఉంది. ఏ మ్యాచ్‌లో ఏ ప్లే దానివల్ల ఆగిందో ఎవరూ విడదీసి చూపించలేరు. ఆ అనుమానం ఆ ఆటగాళ్ల మీద జీవితాంతం ఉంటుంది, వాళ్లలో చాలామంది ఏ తప్పూ చేయకపోయినా.

శిక్ష వివరాలు: యూనివర్సిటీకి 50 వేల డాలర్లతో పాటు ఫుట్‌బాల్ బడ్జెట్‌లో 10 శాతం, దానిమీద 2025, 2026 సీజన్ల పోస్ట్‌సీజన్ (సీజన్ చివర జరిగే బౌల్, ప్లేఆఫ్ మ్యాచ్‌లు) ఆదాయానికి సమానమైన మొత్తం జరిమానా, నాలుగేళ్ల ప్రొబేషన్. మొత్తం కలిపితే 2 కోట్ల డాలర్లు దాటుతుందని అంచనాలు వచ్చాయి. స్టాలియన్స్‌కు 8 ఏళ్లు, అప్పటికే ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోయిన హార్బాకు 10 ఏళ్లు షో-కాజ్. అంటే ఆ కాలంలో ఏ కాలేజీ వాళ్లను తీసుకోవాలన్నా ఆంక్షలకు లోబడాలి. స్టాలియన్స్‌తో నడిచిన 52 మెసేజ్‌లను ఫోనులోంచి తీసేసిన షెరోన్ మూర్‌కు సస్పెన్షన్. పోస్ట్‌సీజన్ నిషేధానికి తగిన తప్పే అయినా, అది చేయనివాళ్లయిన ఇప్పటి ఆటగాళ్లకు అన్యాయం అవుతుందని కమిటీ డబ్బు రూపంలో వేసింది. టైటిల్ తీసేయలేదు. బేస్‌బాల్‌లో 2017లో కెమెరాతో సైగలు చూసి చెత్తడబ్బా మోగించి చెప్పుకున్న హ్యూస్టన్ ఆస్ట్రోస్ టైటిల్ కూడా పోలేదు. నాకు ఈ పద్ధతి సబబుగానే ఉంది, ఒక్క విషయంలో తప్ప. తీర్పు రావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఆలోపు పెద్ద కోచ్ వెళ్లిపోయాడు, ఆటగాళ్లు గ్రాడ్యుయేట్ అయిపోయారు.

ఎన్‌సీఏఏ తప్పు కూడా తక్కువేమీ కాదు. 1994లో ఎన్‌ఎఫ్‌ఎల్ రేడియో పెట్టిన ఏడాదే వీళ్లు మనుషుల్ని పంపొద్దని నిబంధన పెట్టారు. 30 ఏళ్ల పాటు లక్షమంది ముందు చేతులు ఊపుకుంటూ, ఎవరూ చూడరని నమ్ముకున్నారు. ఫోనులో మంచి కెమెరా వచ్చిన రోజే ఆ నమ్మకం చెల్లిపోవాల్సింది. ఈ గొడవ తర్వాతే, 2024 ఏప్రిల్‌లో రేడియోకు ఒప్పుకున్నారు. మనకు క్రికెట్‌లో ఇది తలకిందులు: 1999 ప్రపంచకప్‌లో హోవ్‌లో మన జట్టుతో ఆడుతూ హాన్సీ క్రోన్యే చెవిలో ఇయర్‌పీస్ పెట్టుకుని కోచ్ బాబ్ ఊల్మర్ మాటలు వింటే ఐసీసీ తీయించేసింది.

రేడియో వచ్చింది కాబట్టి సైగల కథ ముగిసిందని అనుకోకండి. ఒక్కో జట్టులో మైదానం మీదున్న ఒక్క ఆటగాడికే ఆ హెల్మెట్. వెనక ఆకుపచ్చ చుక్క ఉంటుంది. ప్లే క్లాక్ (తర్వాతి ప్లేకు మిగిలిన సెకన్లు చూపే గడియారం) 15 సెకన్లకు రాగానే మాట తెగిపోతుంది. ఆ తర్వాత కోచ్ మనసు మార్చుకుంటే మళ్లీ చేతులే గతి. రేడియో ఉన్న క్వార్టర్‌బ్యాక్ దూరంగా ఉన్న రిసీవర్లకు తానే సైగ చేయాలి. మొదటి సీజన్‌లోనే ఆ రేడియో మాటలకు ఎన్‌క్రిప్షన్ లేదని తెలిసి ఇంకో కలకలం రేగింది, తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చారు.

ఈసారి మీ అబ్బాయితో స్టేడియానికి వెళ్తే, వీలైతే ఎదుటి జట్టు బెంచ్‌కు ఎదురుగా, కాస్త ఎత్తులో సీటు తీసుకోండి. బంతిని వదిలేసి, ప్లే క్లాక్ 20 నుంచి 10కి వచ్చేదాకా గట్టునే చూడండి. ఆకుపచ్చ చుక్క ఉన్నవాడు 15 దగ్గర చెవి మీంచి చెయ్యి తీసి ఎటు చూస్తాడో గమనించండి. గట్టువైపు చూశాడంటే మార్పు వస్తోంది, అప్పుడు ఎవరి చేతులు కదులుతున్నాయో చూడండి. రెండు డ్రైవ్‌లు (ఒక జట్టు చేతిలో బంతి ఉన్నంతసేపు ఒక డ్రైవ్) గడిచేసరికి లైవ్ ఎవరో మీకే తెలుస్తుంది. ఇంకేదైనా అర్థం కాకపోతే ఏ మ్యాచ్, ఏ క్వార్టర్ అన్నది రాసి అడగండి, ఆ ప్లే చూసి చెబుతాను.